మా కిరాయి పిల్ల పాట

తెలంగాణ ఇంకా రాని రోజుల్లో, చిల్కానగర్‌లో మా ఇంటి వెనక పోర్షన్‌లో ఒక జంట కిరాయికి దిగింది. నాచారం ఫ్యాక్టరీలో పని అని చెప్పి అతను పొద్దున్నే వెళ్లేవాడు. ఆమె గడప దాటేది కాదు. కూరగాయల బండి వచ్చినా కిటికీలోంచే బేరం. నోరు విప్పని మనుషులంటే నాకు ఒళ్లు మంట. అయినా ఆ పిల్ల మీద ఇష్టం పెరిగింది. నేను జ్వరంతో పడుకుంటే మా ఇంటిల్లిపాదికీ తనే వండిపెట్టింది.

సద్దుల బతుకమ్మ నాడు మాత్రం నేను ఊరుకోలేదు.

"పానం బాగలేదక్కా, నేను రాను" అంది.

"పండుగ పూట ఇంట్ల గూసుంటవా? జర బయటికి రా, నిన్నెవ్వరు గొరుకరు" అని చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

మా గల్లీలో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చిన ఆడమనిషి ఒక్క పాటైనా ఎత్తుకోవాలి. ఆమె వద్దంది. అందరం వెంటపడ్డాం, అందరికంటే ఎక్కువ నేనే. చివరికి ఎత్తుకుంది. ఏం గొంతు! ఆ గొంతు నాదే అయినట్టు మురిసిపోయాను.

ఎదురింటి వదిన చప్పట్లు ఆపేసి ఆమెనే చూస్తూ నిలబడింది. తర్వాత తన బతుకమ్మను అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పోలీసులొచ్చి ఇద్దరినీ పట్టుకెళ్లారు. బియ్యం డబ్బాలో తుపాకీ దొరికింది. ఫ్యాక్టరీ యజమానులను బెదిరించి అడవిలోని అన్నల కోసం చందాలు వసూలు చేయడమే అతని పనట. జీపెక్కుతూ ఆ పిల్ల నా వైపు చూసింది. చేజేతులా నేనే పట్టించానని కుమిలిపోయాను. అన్నం సయించలేదు. వచ్చినవాళ్లందరి దగ్గరా ఏడ్చాను.

ఆ ఉక్రోషంతోనే ఒకరోజు వదిన ఇంటికి వెళ్లి నిలదీశాను. "పోలీసోళ్లకు జెప్పింది నువ్వేనా వదినా? ఆడపిల్ల ఉసురు పోసుకున్నవు గదా!"

వదిన బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టింది.

"మా ఊర్ల అన్నలు మీటింగు వెట్టినప్పుడు గీ గొంతుతోనే పాడింది. తర్వాత నా తమ్ముణ్ణి ఇన్ఫార్మరని ఇంట్లకెల్లి తోల్కపోయిన్రు. మా అమ్మ కాళ్లు మొక్కుతుంటే తుపాకి పట్టుకొని వాకిట్ల నిలబడ్డది గామెనే. తెల్లారి చెరువుకట్ట మీద శవం దొరికింది."

వదిన తమ్ముడు పోయాడని నాకు ముందే తెలుసు. ఎదురెదురుగా ఉంటూ, ఎట్లా పోయాడని ఎన్నడూ అడగలేదు.

చెయ్యి పట్టుకోబోయాను. వదిన వెనక్కి తీసుకుంది.

"ఆ పిల్ల కోసం మస్తు ఏడ్సినవంట, గల్లంత జెప్పిన్రు. నా తమ్ముని పేరేందో ఎర్కేనా నీకు?"

తెలియదు. ఆ రోజు అడగడానికి మొహం చెల్లలేదు. ఇప్పటికీ చెల్లడం లేదు.