రోజూ చూపించిన ముఖం

నాచారం పారిశ్రామికవాడలో పదకొండేళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసిన ఆశీర్వాదాన్ని 2008 మార్చిలో పోలీసులు పట్టుకుపోయారు. అతని బండి ఎర్రది. వారం కిందట ఉప్పల్‌లో గొలుసు తెంపుకుపోయిన దొంగ బండీ ఎర్రదే. ఆ గొలుసు తారామణి అనే పెద్దావిడది. తెంపిన ఊపుకు ఆమె వెనక్కి పడి, తల రాయికి తగిలి, మూడో రోజు చనిపోయింది. పక్కనే నడుస్తున్న కూతురు సత్యవేణి దొంగ ముఖం చూసింది. రాజమండ్రి నుంచి వచ్చి ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోందామె.

స్టేషన్‌లో ఆశీర్వాదాన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, "వీడేనా, చూడమ్మా" అన్నారు. ఏడ్చి వాచిన కళ్ళతో ఆమె తలూపింది. పది రోజుల తర్వాత జైల్లో మేజిస్ట్రేటు ముందు తొమ్మిది మందిని వరుసగా నిలబెడితే నేరుగా వచ్చి అతని భుజం తాకింది.

"ఇతనే. చచ్చినా మరిచిపోను."

"మేడం, నేను కాదు! జర మంచిగ సూడున్రి!"

ఆమె మళ్ళీ చూడలేదు.

గొలుసు పోయిన సాయంత్రం అతను జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాడు. భార్య ఆ రోజు ఊళ్ళో లేదు; ఆ మాట చెప్పగలిగింది తల్లి మార్తమ్మ ఒక్కతే. కేసు విచారణకు రాకముందే ఆమె పోయింది. ఆశీర్వాదం పోలీసు కాపలాతో వచ్చి, సంకెళ్ళతోనే సమాధిలో మట్టి వేశాడు. వేస్తూ, "గా టీచరును ఇడిసిపెట్టనమ్మా" అన్నాడు. పక్కన నిలబడ్డ భార్య మరియాకు మాత్రమే అది వినిపించింది.

కోర్టులో అతని తరఫు వకీలు విశ్వనాథం సత్యవేణిని రెండే ప్రశ్నలు గట్టిగా అడిగాడు.

"దొంగ ముఖం ఎంతసేపు చూశారు?"

"రెండు మూడు సెకన్లు."

"జైల్లో గుర్తుపట్టక ముందే ఇతన్ని స్టేషన్‌లో చూపించారా?"

ఆమె అబద్ధమాడలేదు. "చూపించారు."

నేరం సందేహానికి తావులేకుండా రుజువు కాలేదని జడ్జి కేసు కొట్టేశాడు. అప్పటికి ఇరవై నెలలు గడిచాయి.

"నేను చెయ్యలేదని రాసిన్రా సారూ?" అని అడిగాడు ఆశీర్వాదం.

"అనుమానం ఉంది కాబట్టి వదిలేశారయ్యా. అంతే."

ఆ 'అనుమానం' బయట కూడా అతన్ని వదల్లేదు. వర్క్‌షాపు ఓనరు మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. చర్చిలో అతను కూర్చున్న బెంచీ మీద ఆడవాళ్ళు కొంగులు మెడ చుట్టూ లాక్కునేవారు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. "ఆంధ్రామె కదనే, నలుగురం పోయి లొల్లి చేద్దామా?" అని ఒక దోస్తు ఎగదోశాడు. ఆశీర్వాదం ఒప్పుకోలేదు. "నాకు ఆమెతోనే లెక్క. ఊరితోని కాదు."

పాత చెరుకు రసం మిషన్ ఒకటి తెచ్చి, తనే పళ్ళచక్రాలు బాగుచేసుకుని, సత్యవేణి బడి గేటుకు ఎదురుగా బండి పెట్టాడు. మూడున్నరకు బడి వదిలేవేళ మిషన్ ఆపి, గేటు వైపు తిరిగి నిలబడేవాడు. ఆమె బయటకు రాగానే కళ్ళార్పకుండా చూసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. ఆమె వెనక గేటు నుంచి పోతే బండి అక్కడికి తోసేవాడు. ఫిర్యాదు చేస్తే కానిస్టేబుల్ వచ్చాడు. "రసం అమ్ముకుంటున్న సార్, తప్పా?" అన్నాడు.

ఒకరోజు ఆమే రోడ్డు దాటి వచ్చింది. "ఏం కావాలి నీకు?"

"అప్పుడు నన్ను మంచిగ సూడలేదు మేడం. ఇప్పుడు సూడున్రి. దినాం సూడున్రి."

ఆమె చిక్కిపోవడం అతను గమనించాడు. బోర్డు వైపు తిరిగితే వెనకెవరో ఉన్నట్టు ఉలిక్కిపడుతోందని పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాడు. ఆ పూట ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు. మరియా మాత్రం, "పగతోని పొట్ట నింపుకుంటున్నవ్" అని కంచం ముందు నుంచి లేచిపోయింది.

2012 ఫిబ్రవరిలో విశ్వనాథం ఫోన్ చేశాడు. "ఇంకో కేసులో ఒకడు దొరికాడు. తారామణిది కూడా తనే చేశానని పోలీసులకు చెప్పాడట. ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. సత్యవేణి గుర్తుపడితేనే ఆశ. నీ మచ్చ కూడా పోతుంది."

ఆ కబురు కోసం చూస్తూ నాలుగు రోజులు ఆశీర్వాదం బండి తీయలేదు. ఐదో రోజు బండి పెట్టాక, బడి వదలకముందే సత్యవేణి దగ్గరకు వచ్చింది.

"జైల్లో వాణ్ణి గుర్తుపట్టలేకపోయాను" అంది.

"ఎందుకు?" అన్నాడు ఆశీర్వాదం.

"వరుసలో ఎవర్ని చూసినా నువ్వే కనిపించావు. రెండేళ్ళు రోజూ నీ ముఖమే చూపించావు. మా అమ్మను పడేసినవాడి ముఖం ఇప్పుడు నాలో లేదు."

అతను బండి పట్టుకుని నిలబడ్డాడు. "గట్లయితే నేను కాదని అందరి ముందర చెప్పున్రి."

"నువ్వు కాకపోవచ్చు."

"కాకపోవచ్చు కాదు మేడం! కాదు అనున్రి!"

సత్యవేణి ఏడ్చింది. "తెలియని దాన్ని తెలుసని ఒకసారి చెప్పాను. మళ్ళీ చెప్పలేను."

సాక్ష్యం లేక తారామణి కేసు అక్కడే ఆగిపోయింది. దొరికినవాడు తను పట్టుబడ్డ కేసులో బెయిలు మీద బయటికొచ్చాడు.

ఆశీర్వాదం బండిని పోచారం తీసుకెళ్ళాడు. ఐటీ క్యాంపస్ దగ్గర బేరం బాగానే సాగింది. ఉప్పల్ వైపు మళ్ళీ పోలేదు.

"ఆమెను క్షమించినవా?" అని మరియా ఒకసారి అడిగింది.

"లేదు" అన్నాడు. చెరుకు గడ చెక్కుతూ, "నన్ను నేను గూడ క్షమించుకోలే" అన్నాడు.