పడవ అడుగున ఆముదం

పొద్దున్నే అంగడి షట్టరు ఎత్తుతుంటే ఫోన్ మోగింది. అత్త గొంతు. "మీ మామ పోయినాడప్పా" అంది. కాస్త ఆగి, "మంచం మీదనే. నిద్దట్లోనే" అంది. ఆ రెండో మాటలో దుఃఖం ఎంత ఉందో నెమ్మదీ అంతే ఉంది. నాకూ అంతే. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు మాత్రం "హమ్మయ్య, నీళ్లలో కాదు" అనిపించింది. పోయిన మనిషి గురించి హమ్మయ్య అనుకున్నానంటే ఎవరైనా తిడతారు. తిట్టే ముందు మా మామ సంగతి కొంచెం వినండి.

ఆయన మా అమ్మకు తమ్ముడు. కూతుర్ని నాకే ఇచ్చాడు కాబట్టి రెండు విధాలా మామే. ఊరు గుడుపల్లె దగ్గర. రోజూ కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, అక్కడొక ఫైబర్ షెడ్డులో బస్సు సీట్లు, నీళ్ల తొట్లు చేసి, మళ్లీ రైల్లోనే ఇల్లు చేరేవాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ అదే తిరుగుడు. చొక్కాకు ఎప్పుడూ ఫైబర్ జిగురు వాసన. మా ఇంటామె చిన్నప్పుడు ఆ వాసన పట్టుకునే నాయన వీధి మలుపు తిరిగాడని చెప్పేసేదట.

ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: "సూసినాక సెప్పు." కూరలో ఉప్పు తక్కువైందన్నా, ఫలానావాడు మంచోడు కాదన్నా, ఈ ఏడు వానలు రావన్నా అదే జవాబు. నాకు పిల్లనిచ్చే ముందు మదనపల్లెలో నా అంగడికి వచ్చి కూర్చున్నాడు. కాలిపోయిన బోరు మోటారు విప్పి, తీగ చుట్టి, మళ్లీ తిప్పేదాకా స్టూలు మీంచి లేవలేదు. సొంత అక్క కొడుకునండీ నేను! కడుపు మండిపోయింది. మోటారు తిరిగాక లేచి, పంచె దులుపుకుని, "సూసినా. ఇస్తా" అన్నాడు.

పని మానేసే ముందు, షెడ్డు యజమానిని అడిగి, మిగిలిన ఫైబరుతో తన కోసం ఒక పడవ చేసుకున్నాడు. ముందొకరు వెనకొకరు కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పడవ, కయాక్ అంటారు దాన్ని. ఆ యజమానికి చేపల వేటంటే పిచ్చి. నీళ్ల కింద చేపల్ని చూపించే ఫిష్ ఫైండర్ కొత్తది కొనుక్కుని పాతది మామ చేతిలో పెట్టాడు. బెంగళూరులో టమోటాలు దించి ఖాళీగా వస్తున్న లారీ ఎక్కి ఆ పడవ మా మామ ఊరు చేరింది.

ఊళ్లో నవ్వనివాడు లేడు. అప్పటికి చెరువు నెర్రెలిచ్చి మేకలు తిరుగుతున్నాయి. "ఏమప్పా, మట్టిలో తోల్తావా దీన్ని?" అని ఒకరు, "నీళ్లు కూడా బెంగుళూరు నుంచే తెస్తాండావా?" అని ఇంకొకరు. మామ పడవను పశువుల కొట్టంలో బోర్లించి ఊరుకున్నాడు. దాని కింద కోళ్లు గుడ్లు పెట్టాయి, పొదిగాయి కూడా. ఆ కరువు ఏళ్లలో నాకు మాత్రం ఊపిరాడని పని. బోర్లు లోతుకు పోయేకొద్దీ మోటార్లు కాలేవి. ఉన్నమాట చెబుతున్నా, వాన పడితే నా అంగడిలో ఈగలే.

అట్లాంటిది ఒక ఏడు వానలు పట్టుకుంటే వదల్లేదు. చెరువు నిండి మొరవ, అంటే అలుగు, పారింది. మామ పడవను వెల్లకిలా తిప్పి, కోడి ఈకలు కడిగి, నెత్తికి ఎర్ర తువ్వాలు చుట్టాడు. అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

ఎందుకో ఊరందరికీ తెలుసు. ఆమె తమ్ముడు చాలా ఏళ్ల కిందట ఆ చెరువులోనే పోయాడు. ఎనుముల్ని కడగడానికి మోకాటి లోతులో దిగినవాడు నాలుగడుగులు ముందుకేసి కనబడకుండా పోయాడు. నీళ్లు లేని రోజుల్లో ఇటుక బట్టీల కోసం మట్టి తవ్విన గుంతలవి. చెరువు నిండాక పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆ రోజు నుంచి అత్త చెరువు కట్ట ఎక్కలేదు. "ఆ గుంతకు నేలే లేదప్పా. పాతాళం దాకా ఉండాది" అనేది. అనేటప్పుడు మనిషి మొహంలో రంగు ఉండేది కాదు.

మామ అలిగాడు. సంగటి ముద్ద సగం వదిలేసి చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు. అత్తా తగ్గలేదు. చివరికొక రోజు ఆమే అంది: "నీళ్ల కింద ఏముండాదో నాకు కండ్లకు సూపించు. సూసినాక పోదువులే."

ఆయన మాట ఆయనకే తగిలింది. నేరుగా వెళ్లి నాకు ఫోన్ చేశాడు. "అల్లుడా, నీ సామాన్లు తీసుకోని రా. పడవకు సెవి పెట్టాల."

ఫిష్ ఫైండర్‌లో చూడటానికి ఒక తెర, తీగ చివర గుప్పెట్లో పట్టేంత నల్లటి ముక్క ఉంటాయి. ఆ ముక్కే ట్రాన్స్‌డ్యూసర్. నీళ్లలోకి శబ్దం పంపి, కింద నేలకు తగిలి తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుంది. దాన్ని బట్టి తెర మీద లోతు పడుతుంది. మామ దానికి చెవి అని పేరు పెట్టాడు. మేమూ అదే పిలిచాం.

దారిలో పుంగనూరులో దిగి స్కూటరు బ్యాటరీ, సీలెంటు ట్యూబు కొన్నాను. కొట్టంలో పడవ ముందు కూర్చుని డ్రిల్లు తీశానో లేదో, అత్త చాటతో సహా వచ్చేసింది. "నీళ్లల్లో పొయ్యేదానికి తూటు పొడుస్తారా? మతి ఉండాదా మీకు?" మామ నా వైపు చూశాడు, నేను మామ వైపు చూశాను. డ్రిల్లు సంచిలోకి పోయింది.

"తూటు అక్కర్లేదు లే" అన్నాడు మామ. "ఈడ ఫైబరు ఒకటే పొర. శబ్దం దాటుతాది. లోపల్నే అంటించు." గరుకు కాగితంతో నున్నగా రుద్ది, సీలెంటు పూసి, చెవిని అందులో అదిమి, ఆరనిచ్చాం. బాగా కుదిరిందని ఇద్దరం ఒకరినొకరు మెచ్చుకున్నాం కూడా.

మర్నాడు మామ నడుముకు గాలి కొట్టిన లారీ ట్యూబు వేసుకుని పడవెక్కాడు. అత్త అన్నేళ్లకు కట్ట ఎక్కింది. ఎక్కడమే కాదు, ఎనుముల పగ్గాలు ముడేసి ఒక కొస పడవకు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుంది. పడవ ఇంకా మోకాటి లోతు దాటలేదు. తెర మీద ముప్పై అడుగులని పడితే మామ పైకి చదివాడు. మరుక్షణం అంకె పోయి వట్టి గీతలు. మళ్లీ ముప్పై.

"మోకాటి లోతుకు ముప్పై అడుగులా!" అని అత్త పగ్గం పట్టి బర్రున లాగేసింది. పడవ, మామ, ట్యూబు అన్నీ గట్టుకొచ్చి పడ్డాయి. "ఈ మిసను సెప్పేది ఇని పోతావా నువ్వు?" నాకు నవ్వాగలేదు. మామకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

కొట్టంలో చెవిని ఊడబీకి, పశువుల తొట్టి నీళ్లలో ముంచి చూశాం. సరిగ్గానే చెప్పింది. అంటే తప్పు చెవిది కాదు, మేం పూసిన సీలెంటుది. దాని లోపల గాలి బుడగలు చిక్కుకున్నాయి, శబ్దం గాలిని దాటలేక అక్కడే చెదిరిపోతోంది. మళ్లీ పూసినా మళ్లీ బుడగలే. మామ గడ్డం గోక్కుంటూ, "బుడగ నిలవనిది ఏమన్నా పోస్తే?" అన్నాడు. నా సామాన్లలో ఉన్న పీవీసీ పైపు ముక్కను పడవ అడుగున గిన్నెలా నిలబెట్టి చుట్టూ అంటించాం. "ఏమే, ఆముదం తే!" అని కేకేశాడు. అత్త తలకు రాసుకునే సీసా తెచ్చి, "ఇది పడవకు తలంటా?" అంటూనే పోసింది. చిక్కటి ఆముదంలోంచి బుడగలన్నీ పైకి తేలిపోయాక చెవిని అందులో ముంచి బిగించాం.

ఈసారి ప్రతి అంకెకూ, అడుగడుగుకూ గీత గీసిన వెదురు గెడను ముంచి చూపించమంది అత్త. తెర రెండంటే గెడా రెండే తడిసింది. మూడంటే మూడు. మామ గట్టు వెంబడే తెడ్డు వేస్తూ గట్టిగా చదువుతున్నాడు. "మూడు... మూడు... నాలుగు..." ఆగిపోయాడు. "పద్నాలుగు."

అదే చోటు. అత్త పగ్గాన్ని రెండో చేత్తో కూడా పట్టుకుంది. లాగుతుందనుకున్నాను. లాగలేదు.

"నేల ఉండాదా?" అని అడిగింది.

"ఉండాది. సూడు, కనబడతాంది."

"నాకు సూపించు."

ట్యూబు ఆమె నడుముకు మారింది. ముందు సీటులో కూర్చోబెట్టుకుని మామ మెల్లగా తీసుకుపోయాడు. పగ్గం నా చేతిలో. నాకు ఈత రాదు, ఏ మాత్రం అటూ ఇటూ అయినా ఇద్దర్నీ లాగాల్సింది నేనే. ఆమె తెర మీదకు వంగింది. కింద లావుపాటి గీత, దాని పైన అక్కడక్కడా చేపల గుర్తులు. ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. తర్వాత గట్టు మీద నాకు వినబడేంత గట్టిగా అంది: "ఇంతేనా?"

"ఇంతే" అన్నాడు మామ.

"ఇంత దానికా ఇన్నేండ్లు నాకు నిద్ర లేకుండా సేసింది!" అని ఏడ్చింది. మామ తెడ్డు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆ ఏడుపు అయ్యేదాకా పడవను తిప్పలేదు. ఆయన మీద నాకు గౌరవం ఎప్పుడూ ఉంది, ఆ రోజు ప్రేమ పుట్టింది. ఇంటికొచ్చాక అత్త సంగటి కెలికింది. మామ మొత్తం తిని మళ్లీ పెట్టించుకున్నాడు.

ఇంతా చేసి ఆయన చేపలు పట్టింది తక్కువ. గుంతలు వెతకడంతోనే సరిపోయింది. దొరికిన ప్రతి గుంత అంచునా వెదురు గెడ పాతి, అత్త పాత ఎర్ర చీర పీలికలు కట్టాడు. ఎర్రగుడ్డ దాటి ఎవరూ దిగకూడదని ఊళ్లో పేరుపేరునా చెప్పాడు. నవ్వినవాళ్లే తమ ఎనుముల్ని ఎర్రగుడ్డకు ఇవతలే కడిగారు. ఆ తర్వాత ఆ చెరువు ఎవర్నీ తీసుకోలేదు. అయినా పడవ కొట్టానికి చేరేదాకా అత్త కట్ట మీదే ఉండేది. వయసు మీద పడుతున్న మనిషి, ఎప్పుడేమవుతుందోనని. అందుకే ఆమె ఫోన్లో మంచం మీదనే అన్న ఆ మాటకు అంత బరువు.

కర్మలన్నీ అయ్యాక నేను మదనపల్లె బయలుదేరుతుంటే అత్త ఆముదం సీసాతో కొట్టంలోకి పోయింది. పైపు గిన్నెలో వేలు పెట్టి చూసి, తగ్గినంత పోసి, "బ్యాటరీ బిగించప్పా. మొన్న వానకు గెడలు వాలినాయంట" అంది.

"ఇప్పుడా అత్తా? నాకు ఈత రాదే."

"నాకు మాత్రం వచ్చునా?" అని ట్యూబు నా నడుముకు వేసింది.

నేను వెనక తెడ్డు వేస్తుంటే ఆమె ముందు కూర్చుని అంకెలు చదివింది. వాలిన గెడల్ని ఒక్కొక్కటీ నిలబెట్టాం. తమ్ముడు పోయిన గుంత దగ్గర చీర పీలిక ఎండకు తెల్లబడి చిరిగిపోయింది. అత్త తన నడుముకు చుట్టుకున్న మామ ఎర్ర తువ్వాలు విప్పి గెడకు కట్టింది. తెర వైపు చూసి, "పద్నాలుగు. అట్లనే ఉండాది" అంది. పడవ తిప్పాను. తువ్వాలు మా వెనక గాలికి కొట్టుకుంటోంది. ఆమె వెనక్కి చూడలేదు. గట్టు వైపు తిరిగి, ఆయన చదివినట్టే గట్టిగా చదువుతోంది: "నాలుగు... మూడు... మూడు... రెండు."