దిష్టి మిరపకాయల దొంగ

డిగ్రీ అయిపోయి ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో నాకు తీరిక ఎక్కువగా ఉండేది; తెలివి అంతకన్నా ఎక్కువని అనుకునేదాన్ని. పొద్దస్తమానం ఫోన్లో డిటెక్టివ్ కథలు చదువుతుంటే, నరసరావుపేటలో టిఫిన్ కొట్టు నడిపే మా పిన్ని "ఊరికే కూర్చుంటే ఏమొస్తది? వచ్చి పార్సిళ్ళు కట్టవే" అని పిలిపించుకుంది. పొయ్యి దగ్గర పిన్ని, గల్లా దగ్గర బాబాయి, మధ్యలో నేను. కారప్పొడి ఘాటుకి దారిన పోయేవాళ్ళు కూడా తుమ్మే ఆ కొట్టులో బాబాయికి మాత్రం కారం నిషేధం. కడుపులో పుండు పడిందని డాక్టర్ చెప్పినప్పటి నుంచీ ఆయనకు ఒట్టి మజ్జిగన్నమే. (పల్నాడులో పుట్టిన మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ కోర్టూ వేయలేదు.) పచ్చిమిరపకాయల బుట్ట మీంచి పిన్ని కన్ను తీసేది కాదు.

ప్రతి శనివారం పిన్ని గుమ్మానికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి దిష్టి కట్టేది. ఉన్నట్టుండి ఆ మిరపకాయలు మాయం కావడం మొదలైంది. నిమ్మకాయ చెక్కుచెదరదు, తొడిమలు మాత్రం దండకే వేలాడుతుంటాయి. దిష్టికాయల్ని తొక్కడానికే జంకుతామే, వాటిని ముట్టేదెవరు? ఎదురుగా కొత్తగా బండి పెట్టిన బజ్జీల అక్క ఏదో చేయిస్తోందని పిన్ని అనుమానం. దానికి తోడు గ్రైండర్ కాలిపోయింది. "ఈ కొట్టు మనకి అచ్చిరాదే. నెలాఖరుకి ఖాళీ చేసేద్దాం" అంది. ఆ ఇంటికి ఆ కొట్టు తప్ప వేరే ఆధారం లేదు.

నేను కేసు చేపట్టాను. ముందుగా బజ్జీల అక్కను నిలదీశాను. ఆమె బండి కిందకి చెయ్యి చూపించి, "బస్తాడు మిరపకాయలు ఈడుంటే మీ దిష్టికాయలు నాకెందుకే? ఏందే నీ తెలివి!" అంది. తోక ముడిచి వచ్చి తొడిమల్ని పరీక్షగా చూస్తే వాటి మీద పంటిగాట్లు కనిపించాయి. చేతబడి చేసేవాడు కాయను కొరుక్కుంటాడా?

మధ్యాహ్నం పిన్ని పిండి పట్టించడానికి వెళ్ళగానే నేను కట్టెల చాటున నక్కాను. బాబాయి గిన్నెలో మజ్జిగన్నం కలిపాడు, అటూ ఇటూ చూశాడు, గుమ్మం దగ్గర స్టూలెక్కాడు. దండలోంచి ఒక కాయను కసుక్కున కొరికి కళ్ళు మూసుకున్నాడు. ఆ ముఖంలో అంత ఆనందం నేను అంతకుముందు చూడలేదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నేను. "మీ పిన్ని కాపలా లేని మిరపకాయలు ఇయ్యేనే" అన్నాడు దీనంగా. "చెప్పమాక. చెబితే కొట్టుంటది గానీ నేనుండను."

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మర్నాడు పిన్ని కొట్టు ఓనరుకి ఫోన్ చేసి "ఖాళీ చేద్దామనుకుంటన్నామండీ" అని మొదలుపెట్టగానే ఆగలేకపోయాను. ఇడ్లీల కోసం వచ్చినవాళ్ళందరి ముందూ గడగడా చెప్పేశాను. పిన్ని ఫోన్ పెట్టేసింది. చేతిలో గరిటె ఉంది కాబట్టి అందరం బాబాయి వైపు జాలిగా చూశాం. ఆమె ఆయన దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా "కడుపులో నొప్పొచ్చిందా?" అని అడిగింది. రాలేదని తల ఊపాడు. "ఊరోళ్ళ దిష్టంతా పొట్టలో ఏసుకుంటివి గదయ్యా!" అని గుప్పెడు ఉప్పు తెచ్చి అక్కడే దిష్టి తీసింది. తర్వాత ఇడ్లీల ప్లేటు పట్టుకుని రోడ్డు దాటి బజ్జీల అక్క దగ్గరికి వెళ్ళింది. కొట్టు ఖాళీ చేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

దొంగను పట్టిచ్చిన నన్ను ఒక్క మాటైనా మెచ్చుకోకుండా, దొంగకు నొప్పొచ్చిందా అని అడగడమేమిటని నాకు ఆ రోజంతా ఒళ్ళు మంట. పెళ్ళయి, ఒక మనిషికి రోజూ అన్నం వడ్డిస్తున్నాను కదా, ఇప్పుడు అర్థమవుతోంది. కట్టెల చాటున నక్కిన ఆ తెలివైన పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. ఎవరు తిన్నారన్నది కనిపెట్టింది గానీ, ఆ ఇంట్లో అడగాల్సిన ప్రశ్న అది కాదని దానికి తెలియదు.