పరదా వెనుక నా తెలుగు

మా నాన్న గద్వాలలో గాజులమ్మేవాడు. ఆయన మాట ఇంటింటికీ మారేది. నేతగాళ్ల వాడలో, "అక్కా, జర చెయ్యి ఇటియ్యి, ఏంది గట్ల బిగబట్టినవ్?" అనేవాడు. పెద్దిళ్లలో "అమ్మగారూ, చెయ్యి ఇయ్యుండ్రి" అని తల వంచేవాడు. రాయచూరు వైపు ఊళ్లలో "బళె తగోరి అక్కా" అని, గాజులు తీసుకోమంటూ కన్నడంలో కేకేసేవాడు. ఇంట్లో మాది ఉర్దూ. వెంట తిరిగిన నాకూ అన్నీ అంటుకున్నాయి.

"సాయిబూ, నీకెన్ని నాలుకలున్నయి?" అని ఎవరో ఎగతాళి చేస్తే, "చెయ్యి జూసి గాజెక్కిస్త, మనిషిని జూసి మాట్లాడ్త. అందుల తప్పేంది?" అన్నాడు నాన్న.

నన్ను వనపర్తిలో ఇచ్చారు. మా అత్త హైదరాబాదు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. తెలుగు బజారు మాట, అది గుమ్మం దాటి లోపలికి రాకూడదని ఆమె మొదటిరోజే చెప్పింది. పాలు పోసే ఆమెతో కూడా నేను సైగలే చేసేదాన్ని. పాపం, ఆమె నన్ను మూగదనుకుంది.

ఒకరోజు అత్త మోకాళ్ల నొప్పికి మందు కోసం హకీం దగ్గరికి వెళ్లాం. ఆయన పట్నం నుంచి కొత్తగా వచ్చాడు, తెలుగు రాదు. తెలుగు తెలిసిన సహాయకుడు నమాజుకు పోయాడు. మేము పరదా వెనక కూర్చున్నాం. అంతలో వీపనగండ్ల నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒక తల్లి, బిడ్డను ఎత్తుకుని పరుగున వచ్చింది.

"సాబ్, నా బిడ్డ ఉమ్మెత్తకాయ నమిలింది! నోరంత ఎండిపోయింది, ఏందేందో ఒర్లుతున్నది. జర జూడుండ్రి!"

హకీం పిల్ల ఒళ్లు ముట్టుకుని, "బుఖార్ హై" అంటూ జ్వరం మందు పొట్లం కట్టసాగాడు.

నేను లేచాను. అత్త నా చెయ్యి పట్టి లాగింది. "చుప్ బైఠో!" పరాయి మగవాడికి కోడలి గొంతు వినబడటం ఆమె దృష్టిలో పెద్ద తప్పు. చెయ్యి విడిపించుకుని పరదా వెనక నుంచే అరిచాను.

"హకీం సాబ్, బుఖార్ నహీ! ధతూరా ఖాయీ బచ్చీ!"

ఆయన చేతిలోని పొట్లం పడేశాడు. ఎప్పుడు తిన్నదో అడగమన్నాడు.

"ఎప్పుడు తిన్నదమ్మా?"

"గంట కూడ కాలేదక్కా, ఇంటెనక ఆడుకుంట గింజలు మింగింది."

ఉప్పునీళ్లు తాగించారు. ఆయన చెప్పినదల్లా నేను ఆమెకు చెప్పాను. "కక్కియ్యి, భయపడకు. పండనియ్యకు, ఒళ్లె కూసోబెట్టుకో." సాయంత్రానికి పిల్ల తల్లిని గుర్తుపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నేను అక్కణ్ణుంచి కదిలాను.

దారి పొడుగునా అత్త తిట్టింది. గాజులోడి బుద్ధి పోలేదంది, ఇంటి పరువు తీశానంది. గుమ్మం దగ్గర ఆగి, ఇక మీదట తెలుగు మాట్లాడనని ఒట్టు పెట్టమంది. ఒక్క ముక్క కూడా ఆమె చెవి జారిపోకూడదని, ఆమె మెచ్చే పట్నం ఉర్దూలోనే తొణక్కుండా జవాబిచ్చాను. తెలుగు మనిషి ఎదుట ఉంటే తెలుగే మాట్లాడతాను, పిల్ల ప్రాణం పోతుంటే పరువు కోసం నోరు మూసుకోను, ఒట్టు పెట్టను అన్నాను. నా భర్త ఇద్దరి మధ్యా నిలబడి గడ్డం గోక్కున్నాడు.

ఆ తర్వాత పల్లెల నుంచి ఆడవాళ్లు వస్తే హకీం భార్య నాకు కబురు పంపేది. మొదటిసారి కబురొచ్చినప్పుడు అత్త వెళ్లొద్దంది. నేను ఆమె ముందే బురఖా వేసుకున్నాను. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను చెప్పులేసుకుని బయలుదేరాను.