ఆదాయం పద్దులో ఒక ఆయ్

2020వ సంవత్సరం. కోనసీమలో ఒక చిన్న మునిసిపాలిటీలో నేను అకౌంట్స్ ఆఫీసర్‌ని. సొంతూరు కొత్తపేట దగ్గరే కాబట్టి ఇక్కడి మనుషులూ వాళ్ళ మాటతీరూ నాకు కొత్త కాదు. ఊరికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో చూడటం నా పని. బయటివాళ్ళు నా సీటు వెనకాల ఏదో ఖజానా ఉందనుకుంటారు. నిజానికి నెలాఖరు వస్తే పోపులడబ్బాలో చిల్లర వెతుక్కునే ఇల్లాలికీ నాకూ పెద్ద తేడా ఉండదు.

మాకు జనరల్ ఫండ్ అని ఒకటి ఉంటుంది. ఇంటిపన్ను, కుళాయి పన్ను, మార్కెట్ కొట్ల అద్దెలు, ఇలా ఊరు తను సంపాదించుకుని తను ఖర్చుపెట్టుకునే డబ్బు అది. లాక్‌డౌన్‌తో అది ఎండిపోయింది. పన్ను అడగడానికి ఎవరి గడపా తొక్కే పరిస్థితి లేదు. కొట్లు మళ్ళీ తెరిచాక కూడా బేరాలు లేవు. ఖర్చులు మాత్రం తగ్గకపోగా బ్లీచింగ్ పౌడర్ ఒకటి కొత్తగా వచ్చి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే కొత్త కమిషనర్ గారు వచ్చారు. కడప వైపు మనిషి, చిన్నవయసు, మాట సూటి. వచ్చీ రాగానే రివైజ్డ్ ఎస్టిమేట్, అంటే ఏడాది మధ్యలో దిద్దుకునే బడ్జెట్, తయారు చేద్దామన్నారు. పార్కు ఎలాగూ మూసే ఉంది కాబట్టి అక్కడి కాంట్రాక్టు పనివాళ్ళని ఆపేద్దామన్నారు. వాళ్ళలో సువార్తమ్మ ఒకావిడ. భర్త పోయాడు, కూతురు నర్సింగ్ చదువుతోంది. గేటుకి తాళం పడ్డాక కూడా ఆవిడ పక్క సందులోంచి వెళ్ళి నీళ్ళు పెడుతూనే ఉండేది. ఎందుకమ్మా అని అడిగితే, "పార్కు మూసేసినట్టు మొక్కలకి తెలీదు కదండీ" అంది.

మార్కెట్ కొట్ల పాత అద్దెలు వస్తే పార్కువాళ్ళని కదపక్కర్లేదని కమిషనర్ గారికి చెప్పాను. "అయితే నేనే పోయి అడుగుతా మేడం" అని బయల్దేరారు. మధ్యాహ్నానికి మొహం వెలిగిపోతూ తిరిగొచ్చారు.

"అందరూ ఒప్పుకున్నారు మేడం. కొబ్బరిబొండాలు గూడా కొట్టి ఇచ్చినారు. నెలాఖరుకు బాకీ అంతా కట్టాలంటే ఒక్కరూ అడ్డం చెప్పలే. ఆదాయంలో వేసేయండి. వస్తుంది గదా?"

"ఆయ్," అన్నాను. నాకు అనుమానంగానే ఉంది. కానీ పై అధికారి మాట్లాడుతుంటే మా నోట ముందు వచ్చేది అదే. అసలు సంగతి చెప్పబోయేలోపు ఆయన ఫోన్ మోగింది, ఆయన ఇంకో పనిలో పడిపోయారు.

నెలాఖరు వచ్చింది. ఒక్క కొట్టు నుంచీ అద్దె రాలేదు.

"మొహమ్మీదే సరే అని మోసం చేసినారు," అన్నారు కమిషనర్ గారు.

"సరే అన్నారాండీ?"

"అదే, ఆయ్ అన్నారు. ఒకరి తర్వాత ఒకరు అన్నారు."

నాకు నవ్వాగలేదు. "ఒక్కోసారి అది సరే కూడానండీ. కానీ ఎక్కువగా, మీ మాట వింటున్నాం, మీరంటే గౌరవం అని. బొండం ఇచ్చేరంటే మర్యాద చేసేరనండీ, మాట ఇచ్చేరని కాదు."

"మరి మీరు గూడా ఆయ్ అన్నారు గదా మేడం."

"అందుకేనండీ నాకంత బాగా తెలుసు," అన్నాను, తల దించుకుని.

నవ్వుకునే సమయం కాదది. అద్దెలు లేకపోతే పార్కువాళ్ళని ఆపాల్సిందే. ఆ కబురు కాగితం మీద పంపకుండా ఆయనే స్వయంగా పార్కుకి వెళ్ళారు. అందుకు ఆయనంటే నాకు అప్పుడే అభిమానం పుట్టింది. సువార్తమ్మ పైపుతో నీళ్ళు పెడుతోంది. వచ్చేనెల నుంచి పని ఉండకపోవచ్చని ఆయన నెమ్మదిగా చెప్పారు. ఆవిడ ఆయన వైపు చూసి "ఆయ్" అంది. పాదు నిండి నీళ్ళు దారిలోకి పారుతున్నా పైపు అక్కడే పట్టుకుని నిలబడింది.

బయటికొస్తూ ఆయన, "పాపం, అర్థం చేసుకునింది," అన్నారు.

"లేదండీ. మీ ముందు ఏడిస్తే మర్యాద కాదని అలా అంది," అన్నాను.

ఆయన ఆగిపోయారు. "ఒక్క మాటలో ఇన్ని పెట్టుకుని ఎట్లా బతుకుతారు మేడం మీరు."

మర్నాడు మళ్ళీ మార్కెట్‌కి వెళ్ళాం. ఈసారి నేనూ వెళ్ళాను. ఆయ్‌తో జవాబు చెప్పలేని ప్రశ్న అడగమని దారిలో చెప్పాను. బొండాలు వచ్చాయి, తాగాం. అప్పుడాయన, "ఎంత కట్టగలరు, ఎట్లా కట్టగలరు, మీరే చెప్పండి," అన్నారు.

ఆయ్ రాలేదు. అందరూ బట్టల కొట్టు వీర్రాజు గారి వైపు చూశారు. అక్కడివాళ్ళకి ఆయన పెద్ద. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: "నిజం చెప్పమంటారాండీ? పెళ్ళిళ్ళు లేక గుడ్డ కదల్లేదండీ. నెల అద్దె ఒక్కసారే అంటే మా వల్ల కాదండీ. శనివారం శనివారం మీ బిల్ కలెక్టర్ గారిని పంపించండి, ఏ వారానిది ఆ వారం ఇచ్చేస్తాం. పాత బాకీ మాత్రం బేరాలు కుదుటపడేదాకా అడక్కండి."

"ఈ మాట ఆ పొద్దే చెప్పొచ్చు గదా పెద్దాయనా."

"మీరు కట్టమన్నారండీ. కట్టగలరా అని అడగలేదు కదండీ."

ఆ లెక్కన వచ్చేది ముందు రాసుకున్నదాంట్లో సగం కూడా కాదు. కానీ అది వచ్చే డబ్బు. మిగతా లోటుకి మీటింగ్ హాలు కుర్చీలు, ఊరి మొదట కట్టాలనుకున్న స్వాగత ద్వారం వాయిదా వేశాం. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకి మార్చడాన్ని మేం రీ-అప్రోప్రియేషన్ అంటాం. నోరు తిరగని ఆ మాటకి ఇళ్ళలో అర్థం, చీర మానుకుని పిల్ల ఫీజు కట్టడం. పార్కువాళ్ళలో ఎవరినీ తీయలేదు.

ఆ సంగతి కూడా ఆయనే వెళ్ళి చెప్పారు. సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఆయ్" అంది. ఈసారి ఆయన నావైపు తిరిగి అర్థం అడగలేదు.

తర్వాత చాలా బడ్జెట్లు రాశాను. ఆదాయం కింద అంకె వేసేముందు ఇప్పటికీ ఒకటే చూసుకుంటాను, కట్టేవాళ్ళని కట్టమన్నామా, కట్టగలరా అని అడిగామా అని. ఈ రెండింటికీ తేడా వీర్రాజు గారు నేర్పిందే.

కమిషనర్ గారికి బదిలీ అయిన రోజు సువార్తమ్మ ఒక మందార మొక్క తెచ్చి ఇచ్చింది. "మీ ఇంటి దగ్గర పెట్టుకోండి. మళ్ళీ మా ఊరే రావాలండీ మీరు," అంది. బదిలీలు ఆయన చేతిలో ఉండవని అక్కడ అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆయన మొక్కని రెండు చేతులా అందుకుని అన్నారు.

"ఆయ్."