చెరిపినా మిగిలిన గొంతు

తెనాలిలో నా దుకాణం పక్కనే కంప్యూటర్లు బాగుచేసే వీరబ్రహ్మానికి ఒక చాదస్తం ఉంది. మూల రాత, అంటే సోర్సు కోడ్, తెచ్చి తానే కట్టుకున్న ప్రతి ప్రోగ్రాంకీ విడిగా ఒక ఫోల్డర్ పెడతాడు. కంప్యూటర్ ప్రోగ్రాంల కోసం వెతికే చోట ఆ ఫోల్డర్‌కు దారి చూపే లింకులు మాత్రమే ఉంటాయి. అక్కర్లేనప్పుడు లింకులు తెంపి ఫోల్డర్ తీసేస్తే ఇంకేమీ మిగలదు. ఇంతోటిదానికి అంత పట్టుదల ఏమిటని నేనూ ఎగతాళి చేశాను. అతను రేపల్లె సంగతి చెప్పాక మానేశాను.

రేపల్లె అవతల రేవులో పడవల సంఘానికి ఒక కంప్యూటర్ ఉంది. తెల్లవారగానే వాతావరణ నివేదిక చూసుకుని, వేటకు వెళ్ళవచ్చో లేదో మైకులో చెబుతుంది. దాన్ని అమర్చిన గంగాధరరావు తన గొంతే రికార్డు చేసి పెట్టాడు. ఏ ఫైలు ఎక్కడ పెట్టాడో మాత్రం రాసి ఉంచలేదు. కిందటేడు గుండెపోటుతో పోయాడు. కొత్త ప్రోగ్రాం పెట్టమని సంఘం పిలిస్తే వీరబ్రహ్మం వెళ్ళి, పాత ప్రోగ్రాంను కనిపించినంత మేర చెరిపి, కొత్తది ఎక్కించి అక్కడే పడుకున్నాడు.

తెల్లవారి కొత్త గొంతు రాలేదు. "గాలి లేదు, అల లేదు. నిమ్మళంగా ఎల్లిరండి" అంది గంగాధరరావు గొంతు.

తెరమీద తుపాను హెచ్చరిక ఉంది. పడవలు అప్పటికే కదిలాయి. బయల్దేరినవాళ్ళను వెనక్కి పిలవడం అక్కడ అపశకునం, పైగా చెప్పింది గంగాధరరావు. అందుకని ఒడ్డున ఎవరూ వాళ్ళను కేకెయ్యలేదు. వీరబ్రహ్మమే నీళ్ళలోకి పరుగెత్తి, గొంతు పోయేలా అరిచాడు. వాళ్ళు తిట్టుకుంటూనే తిరిగొచ్చారు. మధ్యాహ్నానికి గాలి సంఘం పైకప్పు రేకులు లేపేసింది.

వీరబ్రహ్మం ఆ కంప్యూటర్‌లోనే దొరికిన పాత ప్రోగ్రాం సోర్సును ఒక విడి ఫోల్డర్‌లోకి మళ్ళీ కట్టి, అది ఏయే ఫైళ్ళు పెడుతుందో చూసుకుంటూ చెరపగా మిగిలిన ముక్కలన్నీ పట్టుకుని ఆ ఫోల్డర్‌లోకే చేర్చాడు. ఒక ముక్కకు కొత్త నివేదిక అందక, గంగాధరరావు చివరిసారి తన చేత్తో దాచిన పాత నివేదికనే చదివింది. దాని మీది తేదీ ఆయన పోయిన రోజుది.

గంగాధరరావు భార్య వెంకటసుబ్బులు రోజూ ఆ మైకు కింద కూర్చుని వినేది. ఆమెతో చెప్పకుండా ఆ గొంతును తీసేయడానికి వీరబ్రహ్మానికి చేతులు రాలేదు.

"ఇది ఉంటే మళ్ళీ ఎప్పుడు మాట్లాడుద్దో తెలీదమ్మా."

"ఆ పడవల్లో మా తమ్ముడున్నాడు బాబూ. తీసెయ్." మైకు వైపు చూసి, "తలుపులేసి నాకొక్కసారి వినిపించు" అంది.

మైకు తీగ పీకి, చిన్న స్పీకర్‌లో పెట్టాడు. గాలి లేదు, అల లేదు, నిమ్మళంగా ఎల్లిరండి.

బయట గాలి తలుపును బాదుతోంది. ఆమె స్పీకర్ మీద చెయ్యి వేసింది.

"మేం ఉంటాంలే. ఇక నువ్వెళ్ళు మావా."

వీరబ్రహ్మం ఆ ఫోల్డర్ తీసేశాడు.