పట్టపగలు తీసిన రాత్రి

ఎవరూ చూడని సినిమాలు తీసినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. వీధి వీధంతా కళ్లు చించుకుని చూసినా కనపడని సినిమా తీసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. కర్నూలు దయ్యాలకు నా చేతిలో జరిగినంత అన్యాయం ఏ మంత్రగాడి చేతిలోనూ జరిగి ఉండదు. సిగ్గుపడి చెప్తున్నాననుకునేరు, అదేం లేదు. ఆ సినిమా గొప్పదే. కనపడలేదు, అంతే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కర్నూలులో పెళ్లి వీడియోలు ఎడిటింగు చేసేవాణ్ణి. చామనఛాయ పెళ్లికొడుకులను పాలమీగడలా మార్చడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. కెమెరా నా స్నేహితుడు ఖాజాది. కథ సగం కూడా రాయకముందే రెండో భాగానికి పేరు పెట్టేసుకున్నాం. ఆలు లేదు, చూలు లేదు, రెండో కొడుకు పేరు సోమలింగం!

దయ్యం వేషానికి మా వీధి టైలరు మస్తానమ్మత్తను అడిగాం. యాభై ఏళ్ల మనిషి, మంచి పొడగరి. ఆమె ఊరికే మనవైపు చూసినా కొలతలు తీసుకుంటున్నట్టుండేది. అత్త ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఆ మద్దెన ఎవరో సినిమావాళ్లొచ్చి ఓర్వకల్లు రాళ్లకాడ నన్ను గుంపులో పొద్దంతా నిలబెట్టిరి. సినిమాలో నా భుజం గూడా పడలేదు. మా ఆడబిడ్డ ఖాదర్‌బీ ఈ పొద్దుకీ నవ్వుతాండాది. నాకు దుడ్లొద్దు శీనా. నా మొగం తెరమీద కనపడల్ల. అంతే."

"నీ మొగం కాకుండా ఇంగేం కనపడదత్తా!" అన్నాను. చూడండి, ఎంత ధైర్యంగా అన్నానో!

మేమూ ఆ ఓర్వకల్లు రాళ్ల దగ్గరే తీద్దామనుకున్నాం. రాత్రి షూటింగుకు మా దగ్గర లైట్లు లేవు. పైగా చీకటి పడితే ఆ రాళ్లల్లో పాములుంటాయని అత్త రానంది. అప్పుడు నాకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఎండలో తీసి, కంప్యూటర్లో రాత్రి చేద్దాం! పట్టపగలు చుక్కలు ఎవరైనా చూపిస్తారు, మేం చుక్కలతోపాటు చీకటిని కూడా చూపిద్దామనుకున్నాం.

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. ఆ రాళ్ల మీద దోసె పోస్తే తిరగేసే పని కూడా ఉండదు. అత్త తెల్లచీర కట్టి, జుట్టు విరబోసుకుని, ఉత్త కాళ్లతో బయల్దేరింది.

"దయ్యం నిదానంగా నడవల్లత్తా! నువ్వు ఎగర్తాండావు!"

"నువ్వు చెప్పులిడిసి ఈడికి రారా. ఎంత నిదానంగా నడుస్తావో నేనూ చూస్తా."

అలా మూడు రోజులు తీశాం. అసలు నాశనం ఎడిటింగులో మొదలైంది. నీలిరంగు పూసి కాస్త చీకటి చేయగానే ఖాజా వంగి చూశాడు.

"రాత్రి అంటాండావు గదా, అత్త కింద ఇంత నీడ ఉండాదేమప్పా?"

"వెన్నెల నీడ."

"వెన్నెలకి ఇంత చెమట కారతాదా?"

చెమట కనపడకుండా ఇంకొంచెం చీకటి చేశాను. "ఎనక మేకలు మేస్తాండాయి" అన్నాడు. మేకల కోసం ఇంకొంచెం. "అద్దో, కర్నూలు బస్సు!" అన్నాడు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడిలా, బస్సు మీద కోపంతో సినిమా మొత్తానికి మసి పూశాను.

"శీనా, అత్త మొగం గూడా పోతాంది రా!"

"యాడ పోతాంది? శుబ్బరంగా కనపడ్తాంటే!"

కనపడుతున్న మాట నిజమే. మా గదికి కిటికీ లేదు, మానిటరు వెలుతురు ఆఖరి గీత దాకా పెంచి ఉంది. బయట అలా ఉండదని నా బుర్రకు తట్టలేదు. పెళ్లికొడుకులను తెల్లగా చేసీ చేసీ, చీకటి చేయడం ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.

ప్రదర్శన షాదీఖానాలో పెట్టాం. సాయంత్రం ఎవరిదో పెళ్లి విందు ఉందని మధ్యాహ్నం మూడింటికే ఇచ్చారు. గోడల నిండా కిటికీలు, ఒక్కదానికీ పరదా లేదు. వీధంతా వచ్చింది. మస్తానమ్మత్త కొత్త జాకెట్టు కుట్టుకుని, తొడుక్కుని, ముందు వరుసలో కూర్చుంది. పక్కనే ఖాదర్‌బీ.

సినిమా మొదలైంది. ఆ సంగతి నాకూ ఖాజాకూ మాత్రమే తెలుసు.

"కరెంటు పోయిందేమప్పా?"

"లేదే, ఫ్యాన్లు తిరగతాండాయి గదా."

తెర మసిగుడ్డ ఆరేసినట్టుంది. పైగా మేకలను దాచాను కానీ వాటి అరుపులు దాచడం మరిచాను. "మే..." అని వినపడగానే వెనకనుంచి ఎవరో, "మేక సచ్చి దయ్యమైనట్లుండాది" అన్నారు. హాలంతా గొల్లుమంది.

"వదినా, నువ్వు యాడుండావు?" అంది ఖాదర్‌బీ, అందరికీ వినపడేలా.

"కుడిపక్క. ఇప్పుడు రాయెనకనుంచి వస్తాండా, చూడు" అని అత్త ఆ నల్లటి తెర మీదికి వేలు చూపించింది.

"నువ్వేం ఖర్మ, ఆ రాయి గూడా పడలేదే!"

అత్త చెయ్యి దించేసింది. నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. నా వైపు చూడను కూడా లేదు. ఇన్నాళ్లకు కూడా ఇక్కడికొచ్చేసరికి నాకు నవ్వు రాదు. ఆమె అడిగింది ఒక్కటే, దాన్నే నా చేతులతో చెరిపేశాను.

ఆమె లేచింది. ఇంటికి పోతోందనుకున్నాను. నేరుగా తెర ముందుకు వెళ్లి నిలబడి, కొప్పు విప్పింది.

"శీనా, మొదట్నుంచి పెట్టు. సౌండుంటే చాలు."

మొదటికి తిప్పి పెట్టాను. ఎండలో మూడు రోజులు చేసిందంతా అత్త ఆ చల్లటి నేల మీద మళ్లీ మొదటినుంచి చేసింది. కిటికీల వెలుతురంతా ఆమె ముఖం మీదే ఉంది. మేకలు అరిచాయి, ఒక్కరూ నవ్వలేదు. వెనక ఎక్కడో కుర్చీ పడింది. అత్త జుట్టు వెనక్కి నెట్టి, ఖాదర్‌బీ మీదికి వంగి, రెప్ప వేయకుండా చూసింది.

"వదినా, చాలు! మొగం అట్ల తిప్పు!" అని కేక పెట్టింది ఖాదర్‌బీ.

"తిప్పను. బాగా చూడు."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. నందికొట్కూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, "శానా బాగుండాదప్పా. మా ఊరికీ తెండి. ఆ నల్లగుడ్డ మాత్రం ఈడనే ఇడిసి రాండి" అన్నాడు.

కాబట్టి పెద్దలారా, కర్నూలు ఎండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. దయ్యం సినిమాలు తీయడం మానేది లేదు, ఆ ఒక్కటీ అడగకండి. కానీ చేసిన తప్పు మాత్రం మళ్లీ చేయను. రెండో భాగానికి అసలు తెరే కట్టను.